తాళం వేసిన బురద

జనవరి 9

మామయ్యా,

చేరాను. దారిలో తిన్నదంతా సముద్రానికి అప్పజెప్పి, ఖాళీ కడుపుతో దీవిలో కాలు పెట్టాను. ఇక్కడ ఫోను మోగదు. సామాన్ల పడవ వచ్చినప్పుడే ఉత్తరాలు వస్తాయి, అది వెళ్ళినప్పుడే వెళ్తాయి. ఈ ఏడాదంతా మనిద్దరం కాగితం మీద మాట్లాడుకోవాల్సిందే. నాకిచ్చిన గదిలో మంచం మీద కూర్చుంటే మోకాళ్ళు బల్లకి తగులుతాయి. ఆ బల్లలో సగం మైక్రోస్కోపుది, మిగతా సగం నాది.

అసలు సంగతికి వస్తాను. మీ కాలనీ వెనకున్న మడ అడవిని నీకు అప్పగించి వచ్చాను. నువ్వు దాన్ని ఇన్నాళ్ళూ దోమల ఫ్యాక్టరీ అన్నావు. ఇప్పుడది నా ఉద్యోగం, దానితో పోల్చి చూడ్డానికే నన్ను ఈ దీవి బురద దగ్గరికి పంపారు. మునిసిపాలిటీ వాళ్ళు దాన్ని పూడ్చి లారీల స్టాండు కడతామంటున్నారు. ఏడాది చివర చైర్మన్‌గారి కమిటీ కూర్చుని తేలుస్తుంది. ఆ బురద కార్బన్‌ని తనలో దాచుకుంటోందని మా సంస్థ కొలిచి చూపిస్తే అడవి ఉంటుంది. దాచుకోవడం మానేసి గాల్లోకి వదులుతోందని తేలితే మీ పెరటి గోడ అవతల లారీలు హారన్లు కొడతాయి.

నువ్వు సర్వీసంతా గోదాము మేనేజరుగా చేశావు కాబట్టి నీ భాషలోనే చెప్తాను. ఆ అడవి ఒక గోదాము. చెట్లు గాల్లోని కార్బన్‌ని తీసుకుని ఆకులుగా, వేళ్ళుగా మార్చుకుంటాయి. అవి రాలి బురదలో చేరి, కుళ్ళకుండా వందల ఏళ్ళు పడి ఉంటాయి. అదే సరుకు. సరుకు లోపల ఉంది, తాళం నీ చేతిలో ఉంది అనుకో. ఏదీ బయటికి పోకుండా చూసుకో.

నేను బయల్దేరుతుంటే అత్తయ్య మోకాలి నొప్పికి మందు అడిగింది. నేను బురద డాక్టర్నని ఆవిడకి మరోసారి చెప్పు.

నీ మేనకోడలు

*

జనవరి 30

డాక్టరమ్మకు గోదాము మామయ్య రాసేది ఏమంటే,

ఇక్కడ అందరం బాగున్నాం, మీ అత్తయ్య మోకాలు తప్ప. బురద డాక్టరువైతే ఏ బురద రాసుకోవాలో అదైనా చెప్పమంటోంది.

నీ ఉత్తరం చదివాక నాకు కాలు నిలవలేదు. పెరటి వెనకే గోదాము పెట్టుకుని, రిటైరైపోయానని పడక్కుర్చీలో పేపరు తిరగేస్తూ కూర్చున్నానే అనిపించింది. వెంటనే బూట్లు తొడుక్కుని తనిఖీకి వెళ్ళాను. చూసింది చూసినట్టు రాస్తున్నాను, ఏమీ అనుకోకు. అంత అధ్వాన్నంగా నడుస్తున్న గోదామును నా సర్వీసులో చూడలేదు. కప్పు లేదు. గోడ లేదు. సరుకు తడిసి ముద్దయింది. పీతలు కన్నాలు తవ్వుకుని కాపురాలు పెట్టాయి. అన్నిటికంటే ఘోరం, కట్ట కింద తూములోంచి సముద్రం రోజూ లోపలికొచ్చి, అంతా కలియదిరిగి, ఏం పట్టుకెళ్తోందో ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోతోంది. మా గోదాములో యజమానినైనా సంతకం పెట్టకుండా బయటికి పోనిచ్చేవాణ్ణి కాదు. ఆ నీళ్ళతో మన సరుకు కూడా పోతోందా? ఇది ఒక్కటీ తేల్చి రాయి.

ఈ కాగితం అయిపోయింది. ఇంకోటి తీసుకుంటున్నాను.

నిన్న నీ సంస్థ మనిషినంటూ ఒకాయన జీపులో దిగాడు. బురద మీద నువ్వు బోర్లించిపోయిన గాజు పెట్టెల్లోంచి గాలి లాగి సీసాల్లో నింపుకుంటున్నాడు. గేట్‌పాస్ అడిగాను. లేదన్నాడు. ఏం పట్టుకెళ్తున్నావన్నాను. గాలి అన్నాడు. గాలి పట్టుకెళ్ళడానికి జీపెందుకయ్యా అని సీసాలన్నీ అక్కడే ఖాళీ చేయించి, కాగితం తెస్తేనే రమ్మని పంపించాను. నీ సరుకు ఒక్క బుడ్డి కూడా గడప దాటలేదు.

ఇక తూము సంగతి. దానికి ఇనప తలుపు బిగించి తాళం వేయాలని నా ఆలోచన. నీకు అభ్యంతరం ఉంటే రాయి. లేకపోతే పని మొదలుపెట్టిస్తాను.

మీ మామయ్య

*

ఫిబ్రవరి 22

మామయ్యా,

నీ ఉత్తరం చదివి పడీ పడీ నవ్వాను. పీతల కాపురాలు నిజమే. పక్క గదిలో ఉన్న సముద్రగడ్డి పరిశోధకురాలికి కూడా చదివి వినిపించాను. నువ్వు ఇక్కడ చాలా ప్రసిద్ధుడివి.

ఆటుపోట్లతో కొంత సరుకు పోయే మాట నిజమే. ఎంతన్నది మాకే సరిగ్గా తెలియదు, దాని మీదే లోకమంతా వాదించుకుంటోంది. నువ్వు దాని గురించి దిగులు పెట్టుకోకు. నీకు తోచినట్టు చూసుకో. నీ మీద నాకు పూర్తి నమ్మకం.

పడవ వాడు తొందర పెడుతున్నాడు. అత్తయ్యని బురద రాసుకోవద్దను.

నీ మేనకోడలు

*

మార్చి 18

డాక్టరమ్మకు,

శుభవార్త. నాకు తోచినట్టు చేయమన్నావు, చేశాను.

కాలనీ సంఘం మీటింగు పెట్టాను. కార్యదర్శి మన పక్కింటి పళ్ళ డాక్టరు. పదిమంది నోళ్ళు తెరిపించడమే తప్ప తను నోరు తెరిచి ఎరగడు. ఆయన కూడా లేచి బలపరుస్తున్నాను అన్నాడు. తూముకి ఇనప తలుపు పెట్టించాం. తలుపుకి తాళం వేశాం. తాళంచెవి నా చొక్కా జేబులో ఉంది. సముద్రం యథాప్రకారం వచ్చింది, తలుపు తట్టింది, వెనక్కి పోయింది. గట్టు మీద నిలబడి చూస్తుంటే నా ఒళ్ళు పులకరించిందంటే నమ్ము. రిటైరయ్యాక ఇంత సంతోషం ఎరగను.

పక్కనే బోర్డు కూడా పెట్టించాను. 'కార్బన్ నిల్వ కేంద్రం. అనుమతి లేనిదే ఎవరూ, ఏదీ లోపలికి రాకూడదు, బయటికి పోకూడదు.' కింద సంఘం అధ్యక్షుడిగా నా పేరు. అక్షరాలు కొంచెం పెద్దవయ్యాయని మీ అత్తయ్య అంది. దూరం నుంచి కనబడొద్దూ?

చైర్మన్‌గారు స్వయంగా చూడ్డానికి వచ్చారు. కొత్త బూట్లు కాబట్టి కారు దిగలేదు. అద్దం దించి చూసి, ఇన్నాళ్ళూ బురదలా ఉండేది ఇప్పుడు ఆఫీసులా ఉందని మెచ్చుకున్నారు. ఆయన అంత తేలిగ్గా దేన్నీ మెచ్చుకోరట. డ్రైవరు చెప్పాడు.

పీతలు ఖాళీ చేసి పోతున్నాయి. నిన్న ఒకటి వంటింట్లో గ్యాస్ పొయ్యి కింద దూరింది. మెట్లెక్కలేనని మంచం దిగని మీ అత్తయ్య ఒక్క గెంతులో స్టూలెక్కింది. గోదాములో ఎలకలు పోతున్నాయంటే మేనేజరు గట్టివాడని లెక్క.

మీ మామయ్య

*

ఏప్రిల్ 14

మామయ్యా,

పడవ వచ్చింది గానీ ఉత్తరాల సంచి ఒడ్డునే మర్చిపోయారట. ఉల్లిపాయలు మాత్రం జాగ్రత్తగా తెచ్చారు. నువ్వేం రాశావో తెలియకుండానే రాస్తున్నాను.

నాకు తల తిరిగిపోతోంది. మీ బురద నుంచి రావాల్సిన సీసాలు ఒక్కటీ లాబుకి చేరలేదు. అడిగితే, అక్కడెవరో ఒక మొండి ముసలాయన అడ్డుపడుతున్నాడని, గేట్‌పాస్ అంటూ బుర్ర తింటున్నాడని సంస్థ వాళ్ళు రాశారు. మా మనిషి భయపడి రానంటున్నాడట. లెక్కలు లేకపోతే కమిటీ ముందు నేను పెట్టేది సున్నా. నీకు ఊళ్ళో పలుకుబడి ఉంది. ఆ మొండివాడెవడో కనుక్కుని కొంచెం గడ్డి పెట్టు.

నీ మేనకోడలు

*

జూన్ 16

డాక్టరమ్మకు,

నువ్వు రాసిన మొండి ముసలాయన కోసం కాలనీ అంతా వెతికాను. అలాంటివాడెవడూ లేడు. పళ్ళ డాక్టర్ని కూడా అడిగాను. ఆయన నా వైపు చాలాసేపు చూసి, తెలియదన్నాడు. మీ సంస్థ వాళ్ళు పని ఎగ్గొట్టి ఎవరిమీదో నెట్టేస్తున్నారు. నా దగ్గర ఇలాంటి గుమస్తాలు చాలామంది పనిచేశారు.

ఇక్కడ వానలు బాగా పడ్డాయి. కాలనీ మురుగు కాలవలన్నీ పొంగి అడవిలోకే చేరాయి. తూము మూసి ఉంది కాబట్టి ఒక్క చుక్క బయటికి పోలేదు. నీళ్ళు చెట్ల నడుముల దాకా వచ్చాయి, పచ్చగా మారాయి. నోట్లో పోసుకుని చూశాను, ఉప్పు అసలు లేదు. సముద్రం పీడ పూర్తిగా విరగడైంది. బురదలోంచి చువ్వల్లా పొడుచుకొచ్చి కాళ్ళకి తగిలే ఆ వేళ్ళు కూడా మునిగిపోయాయి. చూడ్డానికి ఎంత నున్నగా ఉందో.

ఇంకో మంచి సంగతి. ఆకులు పండి తెగ రాలుతున్నాయి. ఆకు రాలి బురదలో చేరడమే సరుకు చేరడమని నువ్వే రాశావు. ఈ లెక్కన ఏడాది సరుకు ఈ ఒక్క నెల్లోనే వచ్చేసింది. నీళ్ళలోంచి రోజంతా బుడగలు కూడా వస్తున్నాయి. నిల్వ ఊపిరి తీసుకుంటోందని పళ్ళ డాక్టరు తేల్చాడు. మీ అత్తయ్య మాత్రం ఏదో చచ్చిన కంపని వెనక కిటికీలన్నీ మూసేసింది. ఏ గోదాముకైనా ఒక వాసన ఉంటుందని చెప్పాను.

అసలు వార్త చివరికి దాచాను. చైర్మన్‌గారు మన కేంద్రాన్ని ఆదర్శ నిల్వ కేంద్రంగా ప్రకటించారు. తీరం పొడుగునా ఉన్న బురదలన్నిటికీ ఇలాగే తలుపులు వేయిస్తారట. దానికి సలహాదారుని నేను. ఆగస్టులో సభ, పతకం. మీ అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. చిన్నప్పుడు గోడ దూకినవాడివి తలుపులు వేసి పతకం తెచ్చుకుంటున్నావా అని ఏడిపించింది గానీ, గొంతులో సంతోషం తెలిసింది. నువ్వు లేని లోటే.

మీ మామయ్య

*

జూలై 7

మామయ్యా,

వెంటనే వెళ్ళి తూము తలుపు తెరువు. ఈ ఉత్తరం మిగతాది వచ్చాక చదువు.

తెరిచావా? ఇప్పుడు చదువు.

నీ మార్చి ఉత్తరం, జూన్ ఉత్తరం రెండూ ఇవాళ ఒకేసారి అందాయి. మామయ్యా, నీ గోదాముకి తేమ శత్రువు. నా గోదాముకి తేమే కాపలా. ఆ ఆకులూ వేళ్ళూ కుళ్ళకుండా ఉన్నది బురదలో గాలి ఆడకపోవడం వల్ల, రోజూ ఉప్పునీళ్ళు వచ్చిపోవడం వల్ల. ఆ ఉప్పు ఉన్నంతకాలం బురదలో మీథేన్ తయారుచేసే సూక్ష్మజీవులు పెద్దగా తలెత్తలేవు. నువ్వు సముద్రాన్ని ఆపి, కాలనీ మురుగు నింపి, వాటికి విందు పెట్టావు. ఆ బుడగలు ఊపిరి కాదు, మీథేన్. భూమిని వేడెక్కించడంలో అది మీ స్కూలు పుస్తకాల్లోని బొగ్గుపులుసు వాయువుని ఎన్నో రెట్లు మించిపోతుంది. నీళ్ళలో మునిగిన ఆ చువ్వల్లాంటి వేళ్ళతోనే చెట్లు ఊపిరి పీలుస్తాయి. రాలుతున్నది సరుకు కాదు. చెట్లు చచ్చిపోతున్నాయి.

ఇప్పుడు ఎవరైనా వచ్చి కొలిస్తే నీ ఆదర్శ కేంద్రం లారీల స్టాండుకి పనికొస్తుందని తేలుతుంది. ఇలాంటివే తీరమంతా చేయిస్తారా?

తప్పు నీ ఒక్కడిదే కాదు. జనవరిలో నువ్వు రాసిన రెండో కాగితం నేను చదవలేదు. మొదటిది చదివి నవ్వుకుని, రెండోది తర్వాత చూద్దామని మైక్రోస్కోపు కింద పెట్టాను. తలుపు సంగతీ, సీసాల సంగతీ అందులోనే ఉన్నాయి. ఇవాళ తీసి చదివాను. గడ్డి పెట్టాల్సింది నాకు. అయినా ముందు తలుపు తెరువు.

నీ మేనకోడలు

*

జూలై 28

శాస్త్రవేత్తగారికి కాలనీ సంఘం అధ్యక్షుడు రాయునది,

తమరి లేఖ అందినది. తోచినట్టు చూసుకోమన్నది తమరే. పూర్తి నమ్మకం అన్నది తమరే. ఇప్పుడు పతకం వచ్చే వేళకి అంతా తప్పంటున్నారు. ఊళ్ళో పెద్దమనుషులు మెచ్చుకున్నదాన్ని, దీవిలో మైక్రోస్కోపు పక్కన కూర్చుని తప్పుపట్టడం తేలికే. కమిటీలో చదువుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. ఒక్కరూ అభ్యంతరం చెప్పలేదు. దీవిలో ఎండ ఎక్కువని విన్నాను. టోపీ పెట్టుకోగలరు.

జూలై 30

ఈ ఉత్తరం చించేద్దామనుకున్నాను. పై ముక్క అలాగే ఉంచుతున్నాను. మామయ్యకి కోపమొస్తే ఎలా ఉంటాడో నీకూ తెలియాలి.

నిన్న సభ కోసం, నీళ్ళు పెరిగి గట్టు పక్కన తేలుతున్న నీ గాజు పెట్టెలు తుడిపిస్తున్నాం. పళ్ళ డాక్టరు నోట్లో సిగరెట్టు పెట్టుకుని, వంగి, ఒక పెట్టె మూత తీశాడు. నీలంగా మంట లేచింది. అరచేతంత మంట, లేచి ఆరిపోయింది. ఆయన మీసం ఒకపక్క పోయింది, కనుబొమలు రెండూ పోయాయి. పెద్ద ప్రమాదమేమీ లేదు, వెల్లకిలా నీళ్ళలో పడ్డాడు కాబట్టి కాలింది అంతటితో ఆగింది. ఆయన నోరు ఎంత పెద్దదో కాలనీ మొత్తానికి నిన్ననే తెలిసింది.

ఆయన్ని పైకి లాగి ఇంటికి పంపాక నేనొక్కణ్ణే అక్కడ నిలబడ్డాను. నీ ఉత్తరం జేబులోనే ఉంది. మళ్ళీ చదివాను. నీకొకటి చెప్పాలి. చెడిన సరుకు వాసన ఎలా ఉంటుందో నాకు తెలియదా? ఆ కంపు నాకు మే నెల నుంచే తెలుసు. బోర్డు మీద నా పేరుంది. అందుకే ముక్కు మూసుకున్నాను.

వెంటనే తెరుద్దామని వెళ్ళాను. కుదరలేదు. సభ దాకా ఎవరూ ముట్టుకోకూడదని చైర్మన్‌గారి మనుషులు తాళం మార్చి సీలు వేశారు. తాళంచెవి ఇప్పుడు నా దగ్గర లేదు.

మామయ్య

*

ఆగస్టు 11

మామయ్యా,

నీ దగ్గర్నుంచి కబురు లేదు. కోపమొచ్చిందా? ఎంతైనా కోప్పడు, తలుపు మాత్రం తెరువు.

నీ మేనకోడలు

*

ఆగస్టు 25

డాక్టరమ్మకు,

తెరిచాను.

జరిగింది రాస్తాను. సభకి కుర్చీలు తూము అవతల, సముద్రానికి పోయే కాలవ వైపు ఇసకలో వేశారు. అటైతే వాసన తక్కువని. చైర్మన్‌గారు నిల్వ గురించి చాలాసేపు మాట్లాడారు. కార్బన్ని బందీ చేశామన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత పళ్ళెంలో తాళంచెవి పెట్టి నా చేతికిచ్చారు. నేను సభ ముందు తలుపు ఒకసారి తీసినట్టు తీసి, మళ్ళీ తాళం వేయాలి. ఫొటోగ్రాఫరు కూడా సిద్ధంగా ఉన్నాడు.

తాళం తీశాను. తలుపు పైకెత్తే చక్రం తిప్పడం మొదలుపెట్టి ఆపలేదు. చాలు చాలు అని వెనక నుంచి ఎవరో అంటున్నారు. లోపల నెలల తరబడి నిలవున్న నీళ్ళు నల్లగా, నురగలు కక్కుతూ ఒక్కసారిగా బయటికొచ్చాయి. ముందు వరసలో ఉన్నవాళ్ళు కుర్చీలెక్కారు. చైర్మన్‌గారు ఎక్కేలోపు బూట్లు మునిగాయి. ఆ బూట్ల సంగతి ఇక మర్చిపోవచ్చు. పతకం పెట్టె కాలవలో తేలుతూ సముద్రం వైపు వెళ్ళింది. నేను చక్రం వదల్లేదు. ఇద్దరు వచ్చి నా చేతులు విడిపించారు. సాయంత్రం పోటుకి సముద్రం లోపలికొచ్చింది. మీ అత్తయ్య వెనక కిటికీలు తీసి చూసింది. నా చేతులకి బొబ్బలెక్కితే మందు రాసింది.

మర్నాడు చైర్మన్‌గారు పిలిపించారు. ఆయన ఏసీ గదిలో చలికి వణుకొస్తుంది. గోడ మీద తీరం మ్యాపు, మూసేయాల్సిన బురదలన్నిటి దగ్గరా ఎర్ర గుండుసూదులు. నన్ను పోలీసులకి అప్పగిస్తారనుకున్నాను. ఆయన కూర్చోమన్నారు. మిగిలిన సగం మీసం కూడా తీయించుకున్న పళ్ళ డాక్టరుతో అప్పటికే మాట్లాడారట. గాజు పెట్టెలో మంట సంగతి, బుడగల సంగతి అంతా విన్నారు. మూయడం తప్పని ఆయనకి అర్థమైంది. మూయమని ఊరంతా ప్రకటించింది ఆయనే కాబట్టి అది బయటికి చెప్పడానికి లేదు. "తలుపు తెరిచే ఉంచుదాం. కానీ తెరిచింది నేను" అన్నారు.

అంటే ఇదీ ఏర్పాటు. కమిటీ వద్దంటున్నా వినకుండా, పేరు కోసం నేను తూము మూయించాను. చైర్మన్‌గారు ముందుచూపుతో పసిగట్టి, అందరి ముందూ తెరిపించారు. నేను అడ్డుపడ్డాను, ఆయన లెక్కచేయలేదు. ఇలా రాసిన కాగితం మీద నేను సంతకం పెడితే తలుపు తెరిచి ఉంటుంది, మ్యాపు మీద గుండుసూదులు తీసేస్తారు. పెట్టకపోతే ఆయన తన మాట నిలబెట్టుకోవడానికి మళ్ళీ మూయించక తప్పదు.

పెట్టాను. అధ్యక్ష పదవి పోయింది. బోర్డు పీకేశారు. నీ సీసాల మనిషికి కబురు పెట్టాను, గేట్‌పాస్ అక్కర్లేదని.

మామయ్య

*

సెప్టెంబరు 10

మామయ్యా,

ఆ కాగితం నేను ఒప్పుకోను.

మూసింది నువ్వే. కానీ వద్దని నీకు ఎవరు చెప్పారు? ఒక్కరూ చెప్పలేదు. చెప్పాల్సినదాన్ని నేను, నేనే చెప్పలేదు. వాళ్ళంతా చప్పట్లు కొట్టారు. తెరిచింది మాత్రం నువ్వు ఒక్కడివే, చేతులకి బొబ్బలెక్కేలా. కమిటీకి వెళ్ళే రిపోర్టు రాయాల్సింది నేను. అందులో జరిగింది జరిగినట్టు రాస్తాను. చైర్మన్‌గారు ఆ రోజు కుర్చీ ఎక్కబోయి తడిశారని కూడా రాస్తాను. నిన్ను మూర్ఖుణ్ణి చేసి నేను ఉద్యోగం నిలబెట్టుకోలేను. నాకు సిగ్గుగా ఉంది.

నీ మేనకోడలు

*

సెప్టెంబరు 29

అమ్మాయీ,

నీ ఉత్తరం మీ అత్తయ్యకి చదివి వినిపించాను. కళ్ళు తుడుచుకుంది. నాక్కూడా గర్వంగానే ఉంది, లేదనను. ఇప్పుడు నేను చెప్పేది విను. ఈసారి రెండో కాగితం లేదు, అంతా ఇందులోనే ఉంది.

నువ్వు జరిగింది జరిగినట్టు రాస్తే ఏమవుతుందో చెప్తాను. నాకు మంచి పేరొస్తుంది. నీ మనసు తేలికపడుతుంది. చైర్మన్‌గారికి తల కొట్టేసినట్టవుతుంది. ఆ మర్నాడే మనుషులొచ్చి తూము మూస్తారు, ఈసారి సిమెంటుతో. రోజూ పొద్దున్నే వెళ్ళి చూస్తున్నాను. నీళ్ళు దిగిపోయి చువ్వల వేళ్ళు మళ్ళీ బయటికొచ్చాయి. ఒక పీతని కూడా చూశాను. ఒక్కటే. దానికి నేను ఎవరో తెలిసినట్టు లేదు, లేకపోతే పారిపోయేది.

ఊళ్ళో నన్ను చూసి నవ్వుతున్నారు. టీ కొట్టు దగ్గర తలుపు మామయ్య వచ్చాడంటున్నారు. మొదట్లో కష్టంగా ఉండేది. ఇప్పుడూ కష్టంగానే ఉంది. కానీ ఆ అడవిని చంపబోయింది నేను, అది మాత్రం వాళ్ళు అబద్ధం రాయలేదు. ఆ నింద ఎవరో ఒకరు మోయాలి. చైర్మన్‌గారు మోయరు, ఆయనకి అలవాటు లేదు. నాకైతే బరువులు ఎత్తించిన అనుభవం ఉంది, ఎత్తడం ఇప్పుడు నేర్చుకుంటున్నాను.

వాళ్ళు రాసినట్టే రాయి. నన్ను ప్రేమించేదానివైతే రాయి. తలుపు తెరిచి ఉండాలి.

మామయ్య

*

డిసెంబరు 21

మామయ్యా,

రిపోర్టు పంపేశాను. తలుపు తెరిచిన దగ్గర్నుంచి సీసాల్లో మీథేన్ నెలనెలా తగ్గుతూ వచ్చింది. చచ్చిన చెట్లు ఇక లేవవు. కాలవ వైపువి చిగురేస్తున్నాయని మా మనిషి రాశాడు. నువ్వు రోజూ అతనికి టీ ఇస్తున్నావని కూడా రాశాడు. కమిటీ లారీల స్టాండుని ఊరి అవతలికి మార్చింది. చైర్మన్‌గారు తీరం పొడుగునా పాత తూములన్నీ తెరిపిస్తున్నారట, ఒక్కోదాని దగ్గర ఆయన ఫొటోతో ఒక్కో బోర్డు.

నీ గురించి ఒక పేరా ఉంది. వాళ్ళు చెప్పినట్టే రాశాను. రాసి కొట్టేశాను, మళ్ళీ రాశాను. ఏడ్చాను, దాచడమెందుకు. నీ పేరు కింద ఉన్న మాటలన్నీ నా చేతివి. నా పేరు మాత్రం అట్ట మీద గౌరవంగా ఉంది. జనవరిలో వస్తున్నాను, నేరుగా మీ ఇంటికే. నీ పక్కన కూర్చోవాలని ఉంది.

ఆ పేరా మా డైరెక్టరుగారికి బాగా నచ్చిందట. ఇలాంటి మనుషుల గురించి పిల్లలకి తెలియాలని దాన్ని కాలేజీ పాఠంలో పెడుతున్నారు. పేపర్లో కూడా అదొక్కటే వేశారు. మిగతా రిపోర్టులో నీళ్ళ లోతు, ఉప్పు, మీథేన్, చెట్ల లెక్క, ప్రతి పేజీ నిజం. ఆ ఒక్క పేరా అబద్ధం. అందరూ దాన్నే చదువుతున్నారు.

నీ మేనకోడలు